ఏకహస్త చాలనం

మా శాఖకు జిల్లాలో ఒక ఆఫీసు, ఒక అధికారి, ఒక జీపు ఉన్నాయి. గిడ్డంగుల్లో ధాన్యం ఎంత తేమగా ఉందో చూసి రావడం మా పని. అధికారి జీపెక్కి వెళ్లి, బస్తాలో చెయ్యి పెట్టి, ‘ఇంకా ఆరాలి’ అని చెప్పి వస్తారు. ఆ రెండు మాటలనూ రెండు పేజీలు చేసి పై ఆఫీసుకు పంపడానికి పదకొండు మందిమి ఉన్నాం. అందులో పదకొండోవాణ్ని నేను, జూనియర్ అసిస్టెంటుని. తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి అధికార భాష అమలు అనే సీటు కూడా నాకే తగిలించారు. అంటే ఇంగ్లీషులో వచ్చిన ప్రతి కాగితాన్నీ ఎవరికీ అర్థం కాని తెలుగులోకి మార్చాలి. ఈ కథలో జరిగిన అన్యాయంలో సగం నా కలం నుంచే వచ్చింది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

జీపు నడిపేవాడు దాలినాయుడు. సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు, రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగానే బోనెట్ ఎత్తి, ఆయిలు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. తిరిగొచ్చిన బండిని ఎవరైనా వెంటనే కడగబోతే ఊరుకునేవాడు కాదు, ఇంజను వేడి దిగేదాకా నీళ్ల బకెట్టు దాని దరిదాపులకు రాకూడదు. టైర్లకు గాలి సోమవారం. అది కూడా ప్రయాణానికి ముందే, చక్రాలు వేడెక్కకుండా. ఆఫీసులో ఎవరు కొత్తగా బండి కొన్నా ముందు అతని దగ్గరికే వెళ్లేవారు. “క్లచ్చి మీద కాలెట్టి కూకోకండి బాబూ. గేరు మార్సినప్పుడు తొక్కాల, నేదంటే దాని జోలికెల్లకూడదు” అని అందరికీ ఒకే మాట చెప్పేవాడు.

ఇన్నేళ్లలో అతని చేతిలో బండికి ఒక్క గీత పడలేదు. అతనికున్న కోరిక కూడా ఒక్కటే. డ్రైవరుగా చేరాడు కాబట్టి డ్రైవరుగానే దిగిపోవాలి. అతని ఈడువాడొకడు ఎక్కడో లారీకి గుద్దించి, చివరి రెండేళ్లూ బంట్రోతుగా టీ గ్లాసులు మోసి రిటైరయ్యాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా దాలినాయుడి గొంతు తగ్గిపోయేది.

ఇలా ఉండగా డైరెక్టరేటు వారికి ఒక దిగులు పుట్టింది. మా శాఖ జీపుల్ని వేలం వేస్తే పాత ఇనుము వాళ్లు తూకానికి కొనుక్కుపోతున్నారు. అదే వయసున్న ప్రైవేటు బండ్లకు బజారులో మంచి ధర పలుకుతోంది. ఎందుకో తేల్చడానికి ముగ్గురు పెద్దలతో ఒక కమిటీ వేశారు. కమిటీ మూడు నగరాల్లో పాత కార్ల బజార్లు తిరిగి రహస్యం కనిపెట్టింది. మంచి ధర పలికిన ప్రతి బండి అద్దం మీదా ‘సింగిల్ హ్యాండ్’ అని రాసి ఉందట. ఇంకేం, శాఖా వాహనాలన్నిటినీ తక్షణం సింగిల్ హ్యాండుగా నిర్వహించాలనీ, అమలు నివేదిక నెలనెలా పంపాలనీ ఇంగ్లీషులో సర్క్యులర్ వచ్చింది.

సింగిల్ హ్యాండ్ అంటే చేతులు మారని బండి, మొదటినుంచీ ఒక్క యజమాని దగ్గరే ఉన్నది. బండి కొనబోయే ప్రతివాడికీ తెలిసిన మాటే. నేను ‘ఏక యాజమాన్యం’ అని అనువదించి ఫైలు సూపరింటెండెంటు చయనులు గారికి పెట్టాను. చయనులు గారు ముప్పై ఏళ్లుగా ఏ కాగితాన్నీ మొదటిసారి ఒప్పుకోని మనిషి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నన్ను కూర్చోమన్నారు.

“మన జీపుకు యజమాని ఎవరు?”

ప్రభుత్వం అన్నాను. ఎప్పటినుంచి అని అడిగారు. కొన్నప్పటినుంచి అన్నాను.

“అంటే ఇప్పటికే యజమాని ఒక్కరు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచమని ప్రభుత్వం ఏనాడైనా ఉత్తర్వు ఇచ్చిందా? ఉత్తర్వు వచ్చిందంటే మనం చేస్తున్నదేదో తప్పని అర్థం. దాలినాయుడు బండిని ఎన్ని చేతులతో నడుపుతున్నాడు?”

“రెండు చేతులతో.”

“అదీ తప్పు” అన్నారు చయనులు గారు, నా కాగితం మీద అడ్డంగా గీత కొడుతూ.

నవ్వాలో లేదో తెలియలేదు. నా ప్రొబేషన్ ఇంకా ఖరారు కాలేదు, ఆ ఫైలు ఆయన సొరుగులోనే ఉంది. అందుకని నవ్వలేదు. సీటుకు తిరిగొచ్చి, బుద్ధిగా ‘ఏకహస్త చాలనం’ అని రాశాను. సంస్కృతం తగిలేసరికి ఆ పిచ్చి మాటకు ఒక నిండుదనం వచ్చింది. జిల్లా అధికారి విశ్వంభరరావు గారు దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని, శాఖ గౌరవాన్ని పెంచే మాట అని మెచ్చుకుని, సంతకం పెట్టేశారు.

దాలినాయుణ్ని పిలిచి ఉత్తర్వు చదివి వినిపించాం. అంతా విని అతను ఒక్క ప్రశ్న వేశాడు.

“ఏ సెయ్యి బాబూ?”

ఇంతమందిమి చదివాం, ఎవరికీ తట్టలేదు. చయనులు గారు వెంటనే డైరెక్టరేటుకు స్పష్టీకరణ కోరుతూ లేఖ తయారు చేయమన్నారు. జవాబు వచ్చేదాకా ఆగితే అమలు నివేదిక ఆలస్యమవుతుందని విశ్వంభరరావు గారే ఒక నిర్ణయం తీసుకున్నారు. శుభకార్యాలన్నీ కుడిచేత్తోనే చేస్తాం కనుక కుడిచెయ్యే నడపాలి.

“మరి గేరు ఎడం పక్కనుంటాది గదా బాబూ” అన్నాడు దాలినాయుడు.

దానికి అధికారి చిరునవ్వు నవ్వి, అమలులో ఎదురయ్యే చిన్నచిన్న ఇబ్బందులను క్షేత్రస్థాయిలో పరిష్కరించుకోవాలన్నారు. క్షేత్రస్థాయి అంటే దాలినాయుడే.

మొదటి వారం బంట్రోతు సింహాచలాన్ని ముందుసీట్లో కూర్చోబెట్టి గేరు సహాయకుడిగా నియమించాం. దాలినాయుడు క్లచ్చి తొక్కి ‘ఊఁ’ అంటే సింహాచలం గేరు లాగాలి. సింహాచలానికి దగ్గు ఉంది, దాలినాయుడికి గొంతు సవరించుకునే అలవాటు ఉంది. దాంతో ఏది ‘ఊఁ’యో తెలియక రైల్వే గేటు దగ్గర జీపు రెండుసార్లు వెనక్కి నడిచింది. అయినా ఆ ఏర్పాటు పోయింది అందుకు కాదు. మొత్తం చేతులు లెక్కేస్తే ఇప్పటికీ రెండే వస్తున్నాయని, చేతి మనిషి మారాడే గాని చేతుల సంఖ్య తగ్గలేదని చయనులు గారు ఫైలులో అభ్యంతరం రాశారు. సింహాచలాన్ని దింపేశాం.

ఇక మిగిలింది ఒకటే దారి. బయల్దేరేముందు కుడిచెయ్యి స్టీరింగు మీంచి తీసి, పక్కకు ఒంగి, బండిని రెండో గేరులో వేసుకోవడం. గమ్యం చేరేదాకా అదే గేరు. వెనక్కి తీయాలంటే బండి ఆపి మళ్లీ ఒంగడం. దాలినాయుడు అలాగే చేశాడు. కాని ముప్పై ఒక్క ఏళ్లు గేరు రాడ్డు మీద బతికిన ఎడమచెయ్యి ఉత్తర్వులు చదవదు. మిట్ట రాగానే తనంతట తాను గేరు మీదికి వెళ్లిపోయేది. వెనకసీట్లోంచి విశ్వంభరరావు గారు చూశారు. ‘మీ ఎడమచెయ్యి అనధికారికంగా గేరు రాడ్డును తాకినట్లు మా దృష్టికి వచ్చినది, ఎందువల్లనో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను’ అని మెమో వచ్చింది. సంజాయిషీ రాసిపెట్టమని దాలినాయుడు నా దగ్గరికి వచ్చాడు.

“నానేటీ సెయ్యనేదు బాబూ. అదే ఎలిపోయింది.”

‘అలవాటు చొప్పున’ అని రాశాను. అలవాటు ఉత్తర్వుకన్నా గొప్పదా అని తిరుగు మెమో వచ్చింది. చివరికి చిల్లర ఖర్చుల కింద మందుల షాపులో ఒక తెల్ల కట్టు కొని, దాలినాయుడి ఎడమచేతిని మెడకు వేలాడగట్టాం. ముడి వేసింది నేనే. మరీ బిగిసిందా అని అడిగితే, ఫరవాలేదు బాబూ, మీ పని మీరు చేశారు అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

చెయ్యి కట్టుకుని, రెండో గేరులో, నడిచేవాళ్ల పక్కపక్కనే వెళ్తున్న సర్కారు జీపును చూసి జనం జాలిపడ్డారు. చెయ్యి విరిగినవాడి చేత కూడా పని చేయిస్తున్నారే అని దారిలో ఊళ్లవాళ్లు విశ్వంభరరావు గారిని అదోలా చూసేవారు. ఆయన మాత్రం ఆ నిదానంలో ఒక హుందాతనం ఉందనీ, ప్రజలు అధికారిని ఎక్కువసేపు చూడగలుగుతున్నారనీ సంతోషించారు. ఒకరోజు దాలినాయుడి భార్య పైడమ్మ క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వచ్చి, నేరుగా నా బల్ల దగ్గర నిలబడింది.

“మాయనకి సెయ్యి బాగానే ఉంది గదా బాబూ. మరి ఆ కట్టేటి?”

ప్రభుత్వ ఉత్తర్వమ్మా అన్నాను. చెయ్యి బాగున్నవాళ్లకు కట్టు కట్టమని ప్రభుత్వం చెప్పిందా అని మళ్లీ అడిగింది. నేను ఫైలులోకి తల దూర్చుకున్నాను. ఆవిడ క్యారేజీ సింహాచలానికి ఇచ్చి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఆ నెల అమలు నివేదిక నూటికి నూరు శాతం అని టైపు చేశాను.

దాలినాయుడు మాత్రం చేతి గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు. అతని బాధంతా బండి గురించే. నిలబడ్డ బండిని రెండో గేరులో లాగాలంటే క్లచ్చిని సగం తొక్కి నలపాలి. అందరినీ చెయ్యొద్దని చెప్పిన పనే రోజూ అతని కాలు చేస్తోంది. క్లచ్ ప్లేటు కాలిన వాసన ఆఫీసు వరండాదాకా వచ్చేది. “బండి ఏడస్తంది బాబూ” అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు. అధికారికి చెప్పమన్నాను. చెప్పాడట. ఆ వాసన ఏదో గిడ్డంగిలో ధాన్యం మాడిన వాసన అయ్యుంటుందని తలచి, ఆయన ఆ గిడ్డంగికి నోటీసు పంపించారు.

నాలుగో నెలలో డైరెక్టరేటు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఏకహస్త చాలనంలో మా జిల్లాదే ప్రథమ స్థానం. మిగతా జిల్లాల వాళ్లు ‘అమలులో ఉన్నది’ అని మాత్రమే రాశారట, మేము చేతుల రిజిస్టరు కూడా జతపరిచాం. ఏ రోజు ఏ చెయ్యి, ఎన్నింటినుంచి ఎన్నింటివరకు, చేతి యజమాని సంతకం. విశ్వంభరరావు గారు ప్రశంసాపత్రానికి పటం కట్టించి గోడకు తగిలించారు. దాని కింద మేమందరం నిలబడి ఫొటో దిగాం. కట్టు స్పష్టంగా కనబడాలని దాలినాయుణ్ని మధ్యలో నిలబెట్టారు.

అసలు దెబ్బ ఆ ఫొటోతోనే పడింది. చయనులు గారికి వాహనాల సెక్షనుతోబాటు సిబ్బంది సెక్షను కూడా అదనపు బాధ్యతగా ఉంది. ఆ ఫొటో చూడగానే వాహనాల చయనులు గారి దృష్టికి ఒక విషయం వచ్చింది. ఒక డ్రైవరు నాలుగు నెలలుగా ఒక చెయ్యి వాడటంలేదు. దాన్ని తగు చర్య నిమిత్తం సిబ్బంది చయనులు గారికి లేఖ ద్వారా తెలియజేశారు. ఆ లేఖను వచ్చిన ఉత్తరాల రిజిస్టరులో తనే ఎక్కించుకున్నారు. మూడు రోజుల్లో జవాబు రాకపోయేసరికి తనకు తానే రిమైండరు పంపుకున్నారు. రిమైండరు అందిన సిబ్బంది చయనులు గారికి కొంచెం కోపం కూడా వచ్చింది. సర్వీసు నిబంధనల ప్రకారం డ్రైవరుకు రెండు చేతులూ పనిలో ఉండాలి. లేనివాణ్ని డ్రైవరు పోస్టులో కొనసాగించరాదు.

నేను మొదటిసారి నోరు విప్పాను. కట్టు కట్టింది మనమే కదా సార్ అన్నాను. అది వాహనాల సెక్షను విషయం, ఇక్కడ ప్రస్తావనకు రాదు అన్నారు. పోనీ డాక్టరుకు చూపిద్దామన్నాను. చూపించాం. పెద్దాసుపత్రి డాక్టరు కట్టు విప్పి, వేళ్లు ఆడించి చూసి, చెయ్యి లక్షణంగా ఉందని రాసిచ్చాడు. చయనులు గారు ఆ సర్టిఫికెట్టును జాగ్రత్తగా ఫైలులో కుట్టారు.

“చెయ్యి ఉందా లేదా అన్నది వైద్య విషయం. పనిలో ఉందా లేదా అన్నది పరిపాలనా విషయం. రెండిటినీ కలపకూడదు” అన్నారు.

దాలినాయుడు డ్రైవరు పోస్టుకు అనర్హుడు, మిగిలిన సర్వీసును బంట్రోతుగా పూర్తిచేయవచ్చు. అదీ ఉత్తర్వు. విశ్వంభరరావు గారు దాన్ని మానవతా దృక్పథం అన్నారు. దాలినాయుడు ఉత్తర్వును నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. టీ గ్లాసులు మోయలేనని, ముందుగానే రిటైరయిపోతానని అర్జీ రాసిపెట్టమన్నాడు. జీపు తాళాలు కుడిచేత్తో చయనులు గారి బల్ల మీద పెట్టాడు. ఎడమచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, విప్పుకోమని ఎవరూ చెప్పలేదు.

“గీత పడనేదని ఒక్క ముక్క రాయండి బాబూ” అని మాత్రం నన్ను అడిగాడు.

రాశాను. ‘ముప్పది యొక్క సంవత్సరములలో వాహనమునకు ఒక్క గీత కూడ పడనీయలేదు.’ అలాంటి విషయానికి రిలీవింగ్ ఆర్డరులో కాలమ్ లేదని చయనులు గారు దాన్ని కొట్టేశారు. ఆ రోజు నాకు చయనులు గారి మీద వచ్చిన కోపం కన్నా నా మీద నాకు వచ్చిన కోపమే ఎక్కువ. మొదటి రోజున నేను గట్టిగా నవ్వి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

దాలినాయుడు వెళ్లాక ఒంటిచేత్తో నడిపే డ్రైవరు కోసం ఉపాధి కల్పనాధికారికి రాశాం. అటువంటి అర్హత తమ జాబితాలో లేదని వారు జవాబిచ్చారు. రెండు చేతులవాణ్ని పెడితే ప్రథమ స్థానం పోతుంది. అందుచేత జీపును ఇప్పుడే, మంచి పేరు ఉండగానే, వేలం వెయ్యాలని నిర్ణయించారు. ‘పూర్తిగా సింగిల్ హ్యాండ్’ అని పత్రికలో ప్రకటన ఇచ్చాం.

వేలానికి పదిమంది దాకా వచ్చారు. వాళ్లందరిలోకీ పెద్దవాడు పాత కార్ల వ్యాపారి జోగారావు. అతను జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి జీపు ఒంటినిండా ఆనించుకుంటూ నడిచాడు. పుట్టీ పెట్టి రంగేసిన చోట అయస్కాంతం అంటుకోదు. అన్నిచోట్లా అంటుకుంది. బాడీ బంగారం అన్నాడు. తర్వాత చయనులు గారి వైపు తిరిగి, సింగిల్ హ్యాండేనా అని అడిగాడు. చయనులు గారు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నారు. చేతుల రిజిస్టరు, ప్రశంసాపత్రం నకలు, కట్టు కొన్న రసీదు, ఫొటో వరసగా పరిచారు. జోగారావు రిజిస్టరు నాలుగు పేజీలు తిప్పాడు. ఫొటో చూశాడు. మళ్లీ రిజిస్టరు చూశాడు.

“ఓనరు ఒక్కరేనా అని అడిగానండీ” అన్నాడు నెమ్మదిగా.

విశ్వంభరరావు గారు గోడ మీద ఉన్న పటం వైపు చూశారు. చయనులు గారు కళ్లజోడు తుడుచుకుని, బజారు వాడుక పదాలకు ప్రభుత్వం బాధ్యత వహించజాలదని చెప్పారు.

జోగారావు జీపు స్టార్టు చేసి పది గజాలు నడిపి దిగిపోయాడు. క్లచ్చి కాలిపోయింది, రెండో గేరు పళ్లు అరిగిపోయాయి, ఇంత మంచి బాడీని ఇలా ఎవరు చంపారండీ అని అడిగాడు. పాత ఇనుము ధర మించి ఎవరూ పాడలేదు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు తూకం ధరకు కాస్త పైన పాడింది. చూస్తే దాలినాయుడు. కట్టు లేదు. రిటైర్మెంటు కాగితాలతో పాటు వచ్చిన డబ్బులోంచి తెచ్చాడు. ప్రైవేటు మనిషి కనుక పాడుకోవడానికి ఏ నిబంధనా అడ్డం రాలేదు, చయనులు గారు వెతికినా దొరకలేదు.

ఏది పాడయిందో అతనికన్నా బాగా ఎవరికి తెలుసు? కొత్త క్లచ్ ప్లేటు, రెండో గేరు చక్రం తెచ్చి, తెలిసిన మెకానిక్కును ఇంటికి పిలిపించుకుని, పదిహేను రోజుల్లో బండిని నిలబెట్టాడు. ఒక సాయంత్రం నేను అటు వెళ్తే, పైడమ్మ పక్కన దీపం పట్టుకుని ఉంది, అతను బండి కింద పడుకుని ఉన్నాడు. ఎవరొచ్చారని అతను కిందనుంచే అడిగితే ‘కట్టు కట్టిన బాబు’ అని చెప్పింది. లోపలికి రమ్మని టీ ఇచ్చారు. తాగడం కష్టమైంది.

ఇక్కడ మా ఆఫీసుకు జీపు లేదు. రెండు నెలలుగా గిడ్డంగుల్లో ధాన్యం ఎవరూ చెప్పకుండానే ఆరిపోతోంది. డ్రైవరుతో సహా అద్దె వాహనం కావాలని టెండరు పిలిచాం. వచ్చింది ఒక్క టెండరు, దాలినాయుడిది. ఆర్.సి. పుస్తకం చూసి చయనులు గారు నన్ను పిలిపించారు. ఆయన ముఖం నిండా వెలుగు.

“ఇది ప్రభుత్వం చేతినుంచి ఇతని చేతికి వచ్చింది. అంటే సెకండ్ హ్యాండ్. అవునా కాదా?”

అవునన్నాను.

“అయితే ఏకహస్త చాలనం ఉత్తర్వు దీనికి వర్తించదు. రాసుకో.”

నేను రాశాను. ‘సదరు అద్దె వాహనము సెకండ్ హ్యాండ్ అయినందున, చాలకుడు తన రెండవ చేతిని కూడ వినియోగించుకొనుటకు ప్రభుత్వమునకు ఎట్టి అభ్యంతరము లేదు.’ ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. మొదటిసారి నవ్వకపోయినందుకు ఇప్పుడు నవ్వొచ్చింది. అప్పటికి నా ప్రొబేషన్ ఖరారయింది లెండి.

ఒక్క చిక్కు మిగిలింది. ఆఫీసు రికార్డుల ప్రకారం దాలినాయుడికి పనిచేసే రెండో చెయ్యి లేదు. లేని చేతికి అనుమతి ఎలా ఇస్తామని చయనులు గారు ఆగిపోయారు. దాలినాయుడు ఒప్పందం కాగితం చివరిదాకా తిప్పి, ఒక చోట చూపించాడు. ‘ఎడమచేతి బొటనవేలి ముద్ర’ అని అచ్చువేసి ఉంది. ప్రభుత్వ కాగితం మీద అచ్చులో ఉన్నదాన్ని చయనులు గారు కాదనలేరు. సిరాదిమ్మె ముందుకు జరిపారు. దాలినాయుడు ఎడమ బొటనవేలు అద్ది, నిదానంగా, స్పష్టంగా ముద్ర వేశాడు.

మర్నాడు పొద్దున్న జీపు ఆఫీసు ముందుకు వచ్చింది. విశ్వంభరరావు గారు ఎప్పటిలాగే ఎక్కి కూర్చుని, తలుపు ఎప్పటిలాగే దభాలున లాగేశారు. దాలినాయుడు ఇంజను ఆపాడు. వెనక్కి తిరిగాడు.

“బాబూ, ఇప్పుడిది నా బండి. తలుపు మెల్లగా ఎయ్యాల” అన్నాడు.

వరండాలో మేం పదకొండు మందిమీ చూస్తూ ఉన్నాం. విశ్వంభరరావు గారు ఒకసారి మా వైపు చూశారు. తర్వాత తలుపు మళ్లీ తెరిచి, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా వేశారు.